లండన్, పారిస్, ఆమ్‌స్టర్‌డామ్, బ్రస్సెల్స్: తొలి యూరప్ యాత్రకు ఏది ఎంచుకోవాలి?

పది పన్నెండు రోజుల సెలవు దొరికి, కుటుంబంతో మొదటిసారి యూరప్ వెళ్లాలనుకునేవారు సాధారణంగా చూడవలసిన ప్రదేశాల జాబితాతో మొదలుపెడతారు. ఆ జాబితాలో ఈఫిల్ టవర్ ఉంటుంది, లండన్ బ్రిడ్జి ఉంటుంది, తులిప్ తోటలు ఉంటాయి, బెల్జియం చాక్లెట్లు ఉంటాయి; దేనినీ వదులుకోబుద్ధి కాదు. చివరికి నాలుగు నగరాలనూ పది రోజుల్లో కుక్కి, సగం సెలవు రైల్వే స్టేషన్లలో, హోటళ్ల కౌంటర్ల దగ్గర గడిపి వస్తారు. నా అభిప్రాయంలో ఈ నాలుగింటినీ ఒకదానితో ఒకటి పోల్చే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఒక్కటే: లండనా, లేక సముద్రానికి ఇవతలి ఒడ్డున ఉన్న మిగతా మూడు నగరాలా? ఈ విభజన చేసేది వీసా. అది తేలితే మిగిలిన ఎంపిక చాలా సులువవుతుంది.

ముందుగా చూసుకోవలసిన విషయాలు

వీసా సంగతి మొదట చెప్పుకుందాం. పారిస్, ఆమ్‌స్టర్‌డామ్, బ్రస్సెల్స్ మూడూ షెంగెన్ ప్రాంతంలో, అంటే ఉమ్మడి వీసా ఉన్న యూరప్ దేశాల్లో, ఉన్నాయి కాబట్టి ఒక్క వీసాతో మూడింటికీ వెళ్లవచ్చు. బ్రిటన్ అందులో లేదు. దానికి వేరే దరఖాస్తు, వేరే రుసుము, మరోసారి వేలిముద్రలు తప్పవు. షెంగెన్ వీసా రుసుము 2024 జూన్ నుంచి పెద్దలకు 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకు 45 యూరోలు. ఆరేళ్లలోపు వారికి రుసుము లేదు. వీసా కేంద్రం తీసుకునే సేవా రుసుము, కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు వర్తించే ప్రయాణ బీమా దీనికి అదనం. నలుగురున్న కుటుంబం రెండు వీసాలకూ దరఖాస్తు చేస్తే, ఆ డబ్బుతో పారిస్‌లో రెండు మూడు రాత్రుల హోటల్ ఖర్చు గడిచిపోతుందని గుర్తుంచుకోవాలి.

షెంగెన్ వీసాకు ఏ దేశానికి దరఖాస్తు చేయాలన్నది మన ఇష్టం కాదు. ఎక్కువ రాత్రులు ఎక్కడ ఉంటారో ఆ దేశానికే చేయాలి. అన్నిచోట్లా సమానంగా ఉంటే మొదట అడుగుపెట్టే దేశానికి చేయాలి. అపాయింట్‌మెంట్ సులభంగా దొరుకుతోందని ఒక దేశానికి దరఖాస్తు పెట్టి, హోటల్ బుకింగులు మరో దేశంలో ఎక్కువగా చూపించడం తిరస్కరణను కోరి తెచ్చుకోవడమే. దరఖాస్తును ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి ఇవ్వవచ్చు, కనీసం పదిహేను రోజుల ముందు ఇవ్వాలి. అయితే వేసవి సెలవుల సమయంలో హైదరాబాద్‌లో అపాయింట్‌మెంట్ దొరకడమే కష్టం కనుక, మే నెల యాత్రకు జనవరి, ఫిబ్రవరి నాటికే పని మొదలుపెట్టడం మంచిది. బ్రిటన్ వీసాకు మాత్రం ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచే దరఖాస్తుకు అవకాశం ఉంటుంది.

రెండవది కాలం. మన విద్యాసంవత్సరాన్ని బట్టి చూస్తే ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ మొదటి వారం వరకు ఈ నగరాలకు అనువైన సమయం: చలి తగ్గి ఉంటుంది, పగలు బాగా పొడుగ్గా ఉంటుంది. జూన్‌లో పారిస్‌లో రాత్రి పది దాటితే గాని చీకటి పడదు కాబట్టి ఒక రోజు ఒకటిన్నర రోజుగా పనికొస్తుంది. దసరా సెలవుల్లో చలిగాలి, అప్పుడప్పుడు వాన ఉన్నా జనం తక్కువ. సంక్రాంతి సెలవులకు వెళ్లాలనుకునేవారికి నేను మరోసారి ఆలోచించమనే చెబుతాను. ఆ రోజుల్లో లండన్‌లో సాయంత్రం నాలుగు దాటిన కొద్దిసేపటికే సూర్యుడు అస్తమిస్తాడు.

మూడవది తోడు వచ్చేవారు. మోకాళ్ల నొప్పులున్న తల్లిదండ్రులా, పదేళ్లలోపు పిల్లలా, కొత్త దంపతులా అన్నదాన్ని బట్టి జవాబు పూర్తిగా మారిపోతుంది. నాలుగవది భోజనం, అయిదవది ఖర్చు. ఈ అయిదింటినీ పక్కపక్కన పెడితే ఇలా కనిపిస్తుంది.

| విషయం | లండన్ | పారిస్ | ఆమ్‌స్టర్‌డామ్ | బ్రస్సెల్స్ |
|---|---|---|---|---|
| వీసా | బ్రిటన్ వీసా | షెంగెన్ | షెంగెన్ | షెంగెన్ |
| చాలినన్ని రోజులు | 5 నుంచి 6 | 4 నుంచి 5 | 2 నుంచి 3 | 1, చుట్టుపక్కలకు మరో 2 |
| హోటల్ ఖర్చు | చాలా ఎక్కువ | ఎక్కువ | చాలా ఎక్కువ | మధ్యస్థం, వారాంతంలో తక్కువ |
| ప్రధాన మ్యూజియాలు | ఉచితం | టికెట్ ఉంది | టికెట్ ఉంది | టికెట్ ఉంది |
| ఇంగ్లీషుతో గడవడం | ఇబ్బంది లేదు | కొంత ఇబ్బంది | దాదాపు ఇబ్బంది లేదు | కొద్దిగా ఇబ్బంది |
| శాకాహారం | తేలిక | వెతుక్కోవాలి | పరవాలేదు | జాగ్రత్త అవసరం |
| పెద్దవారి నడక | బస్సులతో తేలిక | మెట్రో మెట్లు ఎక్కువ | హోటల్ మెట్లు నిటారు | రాళ్లు పరిచిన వీధులు |

లండన్

తెలుగువారికి లండన్ పరాయి నగరంలా అనిపించదు. భాష తెలుసు, ఈస్ట్ హామ్‌లో ఇడ్లీ, దోసె, బిర్యానీ దొరుకుతాయి, బంధువుల్లోనో స్నేహితుల్లోనో ఒకరు ఆ దేశంలో ఉండనే ఉంటారు. హైదరాబాద్ నుంచి హీత్రూకు నేరుగా విమానం ఉంది. కానీ ఇవన్నీ సౌకర్యాలు మాత్రమే. పర్యాటకుడిగా లండన్‌ను ఎంచుకోవడానికి అసలు కారణం అక్కడి మ్యూజియాలు. బ్రిటిష్ మ్యూజియం, నేషనల్ గ్యాలరీ, టేట్ మోడర్న్, సైన్స్ మ్యూజియం, నేచురల్ హిస్టరీ మ్యూజియం: వీటన్నిటిలోనూ శాశ్వత ప్రదర్శనలకు ప్రవేశ రుసుము లేదు. దీనివల్ల డబ్బు మిగలడం ఒక ఎత్తయితే, పిల్లలు విసిగితే గంటలో బయటకు వచ్చి మర్నాడు మళ్లీ వెళ్లగలగడం మరో ఎత్తు. డబ్బు పెట్టి కొన్న టికెట్ మనిషిని నాలుగు గంటలు లోపలే కట్టిపడేస్తుంది.

బ్రిటిష్ మ్యూజియంలో 33ఎ గది తెలుగువారు తప్పక చూడవలసినది. అమరావతి మహాస్తూపానికి చెందిన సున్నపురాతి శిల్పాలు అక్కడ ఉన్నాయి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన ఆ ఫలకాలు మద్రాసు మీదుగా 1859లో లండన్ చేరి, 1880లో ఈ మ్యూజియానికి వచ్చాయి. అమరావతికి వెళ్లి దిబ్బను మాత్రమే చూసినవారికి, ఆ స్తూపం ఎంత వైభవంగా ఉండేదో ఇక్కడే అర్థమవుతుంది. ఆ సంతోషంతో పాటు కొంత కోపం కూడా వస్తుంది, అది సహజమే. టవర్ ఆఫ్ లండన్‌లోని కిరీటాల మధ్య ఉన్న కోహినూరు కూడా కృష్ణాతీరంలోని కొల్లూరు గనుల్లో దొరికిందనే చెబుతారు. అయితే టవర్‌కు మనిషికి ముప్ఫై పౌండ్లకు పైగా టికెట్ ఉంది, కోహినూరు ముందు కదిలే పట్టీ మీద నిలబడి కొద్ది క్షణాలే చూడగలం. నలుగురికి ఆ ఖర్చు పెట్టే ముందు ఆలోచించుకోవాలి.

లండన్ లోపాలు రెండు. మొదటిది విస్తీర్ణం: మహానగరం దాదాపు 1,570 చదరపు కిలోమీటర్లలో పరచుకుని ఉంది కనుక చవక హోటల్ కోసం ఊరి చివరికి వెళితే రోజుకు రెండు గంటలు ప్రయాణానికే పోతాయి. పెద్దవారితో వెళ్లేవారు 2022లో ప్రారంభమైన ఎలిజబెత్ లైన్ రైలు మార్గం మీద ఉన్న ఏదైనా స్టేషన్ దగ్గర బస చూసుకోవడం ఉత్తమం, ఎందుకంటే ఆ లైన్ స్టేషన్లన్నిటిలోనూ మెట్లు ఎక్కకుండా ప్లాట్‌ఫాం చేరవచ్చు. పాత ట్యూబ్ (భూగర్భ రైలు) స్టేషన్లలో చాలా వాటికి ఆ సౌకర్యం లేదు. సిటీ బస్సులు మాత్రం నిదానంగా వెళ్లినా హాయిగా ఉంటాయి. రెండంతస్తుల బస్సులో పై అంతస్తు ముందు సీటు దొరికితే అదే ఒక నగర యాత్ర. చార్జీకి ప్రత్యేకంగా టికెట్లు కొననవసరం లేదు, బ్యాంకు కార్డు తాకిస్తే చాలు, ఒక రోజులో నిర్ణీత పరిమితిని మించి కోత పడదు. అయితే ఒక్కొక్కరికి ఒక్కో కార్డు ఉండాలి.

రెండవ లోపం హోటల్ గదుల ధర, ఆ ధరకు వచ్చే గది పరిమాణం. డిసెంబరు 25న వెళ్లేవారు మరో సంగతి గమనించాలి: ఆ రోజు ట్యూబ్, రైళ్లు, బస్సులు దాదాపు పూర్తిగా ఆగిపోతాయి.

పారిస్

లండన్ సౌకర్యాన్ని ఇస్తే పారిస్ అందాన్ని ఇస్తుంది, ఆ అందానికి కొంత శ్రమను బదులుగా అడుగుతుంది. అసలు నగరం సుమారు 105 చదరపు కిలోమీటర్లే. నోత్ర్ దామ్ దగ్గర బయలుదేరి సేన్ నది ఒడ్డున నడుస్తూ పోతే లూవ్ర్ మ్యూజియం, ట్విలరీ తోట, ఓర్సే మ్యూజియం, ఈఫిల్ టవర్ ఒకదాని తరువాత ఒకటి వస్తాయి. నాలుగు నగరాల్లోనూ ఊరికే తిరగడంలోనే ఆనందం ఉన్నది ఇదే. 2019 ఏప్రిల్ అగ్నిప్రమాదం తరువాత మూతబడిన నోత్ర్ దామ్ చర్చి 2024 డిసెంబరులో మళ్లీ తెరుచుకుంది. లోపలికి ప్రవేశం ఉచితం.

మ్యూజియాల విషయంలో మాత్రం పారిస్ ప్రణాళిక లేనివారిని క్షమించదు. లూవ్ర్ మంగళవారం, ఓర్సే మ్యూజియం, వర్సాయ్ రాజప్రాసాదం సోమవారం మూసి ఉంటాయి. మే 1న లూవ్ర్ తెరవరు. వేసవి సెలవులు మొదలవగానే బయలుదేరే మనవారు తరచు ఆ తేదీకే అక్కడ ఉంటారు. 2026 జనవరి నుంచి యూరప్ వెలుపలి సందర్శకులకు లూవ్ర్ టికెట్ 22 యూరోల నుంచి 32 యూరోలకు పెరిగింది, కాని పద్దెనిమిదేళ్లలోపు వారికి ఉచితమే. మోనాలిసాను చూశామనిపించుకోవడానికి మాత్రమే వెళ్లేవారికి ఆ 32 యూరోలు దండగ. ఆ చిత్రం ముందు కనిపించేది ఎక్కువగా ఎత్తి పట్టుకున్న ఫోన్లే. చిత్రకళ మీద నిజంగా ఆసక్తి ఉండి ఒక్క మ్యూజియానికే సమయం ఉంటే నేను ఓర్సేను ఎంచుకుంటాను: చిన్నది, వెలుతురు ధారాళంగా ఉన్నది, మోనే, వాన్ గో చిత్రాలు ప్రశాంతంగా చూడగలిగినది. కొల్లూరు గనుల నుంచే వెళ్లిన రీజెంట్ వజ్రాన్ని లూవ్ర్‌లో చూడాలనుకునేవారు ముందుగా విచారించుకోవాలి. 2025 అక్టోబరు 19న జరిగిన దొంగతనం తరువాత అక్కడ మిగిలిన రాజాభరణాల్లో కొన్నిటిని బ్యాంక్ ఆఫ్ ఫ్రాన్స్ ఖజానాకు తరలించారు.

పెద్దవారికి పారిస్ మెట్రో కష్టమే. చాలా స్టేషన్లలో లిఫ్టులు లేవు; ఒక లైన్ నుంచి మరో లైన్‌కు మారడమంటే మెట్లు, మలుపులు, మళ్లీ మెట్లు. 14వ లైన్ ఇందుకు మినహాయింపు. మిగతాచోట్ల బస్సుల మీదే ఆధారపడాలని ముందే నిశ్చయించుకుంటే సగం బాధ తప్పుతుంది. జేబుదొంగల భయం కూడా ఇక్కడ నిజమైనదే: ఏదో సంతకం పెట్టమని కాగితం చాపేవారు, సాక్రే కర్ చర్చి మెట్ల దగ్గర చేతికి దారం కట్టబోయేవారు ఎదురైతే మాట కలపకుండా ముందుకు సాగాలి.

శాకాహారులకు పారిస్ అంత అనుకూలం కాదన్న మాట చాలావరకు నిజం. ఫ్రెంచి భోజనశాలలో మాంసం లేని వంటకం ఒకటో రెండో ఉంటాయి, వాటిలోనూ గుడ్డు ఉండవచ్చు. అయితే గార్ ద్యు నోర్ స్టేషన్‌కు నడకదూరంలో ఉన్న లా షాపెల్ ప్రాంతంలో శ్రీలంక తమిళుల హోటళ్లు వరుసగా ఉన్నాయి. దోసె, అన్నం, సాంబారు తక్కువ ధరకే దొరుకుతాయి. దగ్గరలోనే వినాయకుడి గుడి కూడా ఉంది. మారే ప్రాంతంలోని ఫలాఫెల్ (సెనగల వడల) దుకాణాలు మరో ఆసరా. ఏ దుకాణంలో అడుగుపెట్టినా ముందు “బాన్‌జూర్” అని పలకరించి తరువాత ఇంగ్లీషు మొదలుపెట్టండి. పలకరింపు లేకుండా పని అడగడం అక్కడ అమర్యాద.

ఆమ్‌స్టర్‌డామ్

చిన్న నగరం, నీటి నగరం. 17వ శతాబ్దపు కాలువల వలయం 2010లో యునెస్కో జాబితాలో చేరింది. స్కిపోల్ విమానాశ్రయం కిందనే రైల్వే స్టేషన్ ఉంది, పావుగంటలో నగరం మధ్యలో దిగవచ్చు. 2025 సెప్టెంబరు నుంచి కేఎల్ఎం సంస్థ హైదరాబాద్ నుంచి నేరుగా విమానం నడపడంతో ఇది మనకు షెంగెన్ ప్రాంతంలోకి సులభమైన ద్వారంగా మారింది. రైక్స్ మ్యూజియంలో రెంబ్రాంట్ చిత్రాలు, పక్కనే వాన్ గో మ్యూజియం. రెండింటికీ పద్దెనిమిదేళ్లలోపు వారికి ప్రవేశం ఉచితం, పెద్దలకు దాదాపు 25 యూరోల చొప్పున అవుతుంది. మచిలీపట్నంలో స్థావరం ఏర్పరచుకుని మన తీరపు అద్దకం బట్టలను యూరప్‌కు చేర్చిన డచ్చి వర్తకుల సంపదే ఆ కాలువల పక్క మేడలకు పునాది అన్న సంగతి మనసులో పెట్టుకుని తిరిగితే ఆ ఊరు వేరుగా కనిపిస్తుంది.

ఇక్కడ ఇబ్బందులు ఖర్చుకూ మెట్లకూ సంబంధించినవి. గది అద్దె మీద నగరం 12.5 శాతం పర్యాటక పన్ను వేస్తుంది. దానికి తోడు 2026 జనవరి నుంచి బసపై విలువ ఆధారిత పన్ను 9 నుంచి 21 శాతానికి పెరిగింది. పాత కాలువ ఇళ్లలో నడిచే చిన్న హోటళ్లకు లిఫ్టు ఉండకపోవచ్చు, మెట్లు దాదాపు నిచ్చెనలా నిటారుగా ఉంటాయి. పెద్ద సూట్‌కేసులు, పెద్ద వయసు తల్లిదండ్రులు ఉన్నవారు గది తీసుకునే ముందు లిఫ్టు ఉందో లేదో కనుక్కోవడం మరవకూడదు. రైల్లో ఇరవై నిమిషాల లోపు దూరంలో ఉన్న హార్లెం ఊళ్లో బస చేయడం ఒక మంచి ఉపాయం. ఆన్ ఫ్రాంక్ అనే బాలిక నాజీలకు దొరక్కుండా దాగి డైరీ రాసిన ఇంటికి టికెట్లు ఆన్‌లైన్‌లో మాత్రమే అమ్ముతారు; ప్రతి మంగళవారం, ఆరు వారాల తరువాతి తేదీలకు విడుదలవుతాయి, వెంటనే అయిపోతాయి.

తులిప్‌ల కోసమే వెళ్లేవారికి ఒక లెక్క. కూకెన్‌హాఫ్ తోట సుమారు మార్చి మూడవ వారం నుంచి మే రెండవ వారం వరకే తెరిచి ఉంటుంది. మన బడులకు సెలవులు ఇచ్చేది ఏప్రిల్ చివరి వారంలో. అంటే మనకు మిగిలేవి రెండు వారాలు, అందులోనూ ఏప్రిల్ 27 రాజుగారి పుట్టినరోజు పండుగ: ఆ రోజు ఊరంతా నారింజ రంగు జనసంద్రం, హోటల్ ధరలు ఆకాశాన్నంటుతాయి. ఏప్రిల్ 29, 30 తేదీల తరువాత చేరుకోవడం మేలు. జూన్‌లో వెళ్లి తులిప్‌లు చూపించమని అడిగితే ఎవరూ చూపించలేరు.

బ్రస్సెల్స్

బ్రస్సెల్స్ కోసమే యూరప్ వెళ్లమని ఎవరికీ చెప్పను. గ్రాండ్ ప్లాస్ కూడలి రాత్రి దీపాల వెలుగులో అద్భుతంగా ఉంటుంది, 1958 ప్రపంచ ప్రదర్శనకు కట్టిన 102 మీటర్ల అటోమియం పిల్లలకు నచ్చుతుంది, మూత్రం పోస్తున్న పిల్లాడి చిన్న విగ్రహం మానకెన్ పిస్‌ను చూసి “ఇంతేనా” అనని వారుండరు. ఒక రోజు చాలు. కానీ మజిలీగా ఈ నగరం చాలా తెలివైన ఎంపిక: యూరోపియన్ యూనియన్ పనుల మీద ఉండే అధికారులు, ప్రతినిధులు వారాంతంలో ఇళ్లకు వెళ్లిపోతారు కనుక శుక్ర, శనివారాల్లో మంచి హోటళ్లు చవకగా వస్తాయి, గెంట్‌కు అరగంట, బ్రూజ్‌కు గంట రైలు ప్రయాణం. ఆమ్‌స్టర్‌డామ్ కాలువలు ఖరీదనిపించినవారికి, తానూ కాలువల ఊరే అయిన బ్రూజ్ ఆ లోటు తీర్చగలదు. గొడ్డు మాంసం తినని వారికి ఒక హెచ్చరిక: బెల్జియంలో బంగాళదుంప ఫ్రైస్‌ను సంప్రదాయంగా గొడ్డు కొవ్వులోనే వేయిస్తారు. కొనే ముందు ఏ నూనె అని అడిగితీరాలి.

ఎవరికి ఏది

తల్లిదండ్రులను వెంట తీసుకెళ్లేవారికి, మొదటిసారి విదేశం వెళ్లేవారికి నా సలహా లండన్ ఒక్కటే. అయిదు రోజులు నగరంలో ఉండి, మిగిలిన రోజుల్లో బర్మింగ్‌హాం దగ్గర టివిడేల్‌లోని బాలాజీ ఆలయం, బాత్ లేదా ఆక్స్‌ఫర్డ్ చూడవచ్చు. పిల్లలు అక్కడ స్థిరపడి ఉంటే రెండేళ్ల లేదా అయిదేళ్ల సందర్శక వీసా తీసుకోవడం లాభదాయకం, అయితే ఒక్కోసారి ఆరు నెలలకు మించి ఉండకూడదు.

దంపతులకు, స్నేహితులకు పారిస్‌లో అయిదు రాత్రులు, ఆమ్‌స్టర్‌డామ్‌లో మూడు రాత్రులు. రెండింటి మధ్య యూరోస్టార్ రైలు సుమారు మూడు గంటల ఇరవై నిమిషాల్లో చేరుస్తుంది. ఒక నగరంలో దిగి మరో నగరం నుంచి తిరుగు విమానం ఎక్కితే వెనక్కి వచ్చే శ్రమ ఉండదు. బడి పిల్లలున్నవారు, బడ్జెట్ చూసుకునేవారు ఆమ్‌స్టర్‌డామ్ రాత్రులను తగ్గించి బ్రస్సెల్స్‌కు కలుపుకోవచ్చు. పారిస్ నుంచి బ్రస్సెల్స్‌కు గంటన్నర కూడా పట్టదు.

లండన్, పారిస్ రెండూ కావాలనేవారికి కనీసం పది రాత్రులు ఉండాలి. లండన్ సెయింట్ పాంక్రస్ నుంచి పారిస్‌కు రైలు రెండు గంటల ఇరవై నిమిషాలే అయినా, పాస్‌పోర్టు తనిఖీలన్నీ ఎక్కే స్టేషన్‌లోనే జరుగుతాయి కనుక గంటంబావు ముందే అక్కడ ఉండాలి. 2025 అక్టోబరు 12న మొదలైన కొత్త నమోదు విధానంలో షెంగెన్ సరిహద్దు దగ్గర ఫోటో, వేలిముద్రలు తీసుకుంటారు, మొదటిసారి ఇంకాస్త సమయం పడుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, లండన్‌ను యాత్ర మొదట్లో గాని చివర్లో గాని పెట్టుకోవాలి. పారిస్ నుంచి లండన్ వెళ్లి మళ్లీ ఆమ్‌స్టర్‌డామ్ రావాలనుకుంటే ఒకే ప్రవేశానికి ఇచ్చిన షెంగెన్ వీసా పనికిరాదు.

కొనుగోళ్లు ప్రధానమైనవారు పెద్ద ఖర్చులు పారిస్‌కు దాచుకోవాలి. ఒకే దుకాణంలో 100 యూరోలు దాటిన కొనుగోలుపై ఫ్రాన్స్‌లో పర్యాటకులకు పన్ను వాపసు ఉంది. లండన్ దుకాణాల్లో ఆ సదుపాయాన్ని 2021లోనే ఎత్తివేశారు.

చివరిగా బృంద యాత్రల సంగతి. భోజనం చింత, భాష చింత లేకుండా వెళ్లాలనే పెద్దలకు అవి మంచివే, ఒప్పుకుంటాను. కాని కంపెనీ ఇచ్చిన కరపత్రంలో దేశాల సంఖ్యను కాదు, రాత్రుల సంఖ్యను లెక్కపెట్టండి. ఈఫిల్ టవర్ అని రాసినచోట ఏ అంతస్తు వరకు టికెట్ ఉందో, లూవ్ర్ అని రాసినచోట లోపలికి తీసుకెళతారో బయట ఫోటోకు ఆపుతారో, పారిస్ హోటల్ అని రాసినచోట దాని చిరునామా నగరంలోనిదో విమానాశ్రయం పక్క ఊరిదో రాతపూర్వకంగా అడగండి. ఈ మూడింటికీ తిన్నగా జవాబు రాకపోతే బయానా ఇవ్వకండి.